కారులోకి వాన నీళ్ళు దిగితే ముందు కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది సీట్ల పని. రెగ్జిన్ కుట్టడం, ఫోము మార్చడం, రూఫ్ గుడ్డ జారితే అతికించడం. ఈ పనిలో 20 ఏళ్ళు దాటాయి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మాత్రం మిషను మీద కూర్చునే పని తగ్గి, నానిన సీట్లు విప్పి ఆరబెట్టే పని పెరుగుతుంది.

పోయిన వానాకాలం పటమట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తెల్ల వేగనార్ తెచ్చారు. గుడివాడలో పెళ్ళికి వెళ్ళి వెనక అద్దం నాలుగు వేళ్ళంత దించి మర్చిపోయారట. రెండు గంటల వాన. ఇంటికొచ్చాక సీట్లు తుడిచారు, మ్యాట్లు దులిపి ఎండేశారు, రెండు రోజులు తలుపులన్నీ తీసి ఎండలో పెట్టారు. అయినా మూడో వారానికి కారెక్కితే ముక్కిన బియ్యం వాసన. "ఎన్ని సెంటు డబ్బాలు మార్చానో బాబూ, కర్పూరం కూడా పెట్టాను, పోవట్లేదు" అన్నారు. నేను వెనక తలుపు తీసి, గడప మీది ప్లాస్టిక్ పట్టీ లేపి, కార్పెట్ అంచు పైకెత్తి, కిందున్న ఫెల్టును రెండు వేళ్ళతో నొక్కాను. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. 19 రోజుల నాటి నీళ్ళు. ఫెల్టు నల్లబడిపోయింది. దాని కింద రేకు మీద రూపాయి బిళ్ళంత తుప్పు మచ్చలు మూడు. మాస్టారు వంగి చూసి, "పైన తడిమి చూశానే, పొడిగానే ఉందే" అన్నారు.

పైన ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మీ కాళ్ళ కింద ఏముందో ఒకసారి చూడండి. పైన మ్యాటు. దాని కింద కార్పెట్. కార్పెట్ కింద పాత గుడ్డపీలికలు, జనపనార కలిపి అదిమి చేసిన మందపాటి ఫెల్టు, కొన్ని కార్లలో ఫోము. రోడ్డు మోత లోపలికి రాకుండా పెట్టేది అది. నీళ్ళు పడితే దుప్పటి పీల్చినట్టు పీల్చేస్తుంది. పైన కార్పెట్, కింద రేకు. మధ్యలో చిక్కిన తడి ఎటు పోతుంది? దీని మీద ఈ మధ్య అందరూ వేయించుకుంటున్న 7డి మ్యాట్లు ఒకటి. తలుపు నుంచి తలుపు దాకా కప్పేస్తాయి, చూడ్డానికి బాగుంటాయి, దుమ్ము దిగదు. కానీ నీళ్ళు ఒకసారి కిందికి దిగాయంటే ఆ మ్యాటే మూత. సీట్లదీ అంతే. కంపెనీ గుడ్డ సీటు మీద మనం రెగ్జిన్ కవరు తొడిగిస్తాం. కుట్టు సందుల్లోంచి నీళ్ళు ఫోములోకి దిగుతాయి, పైన రెగ్జిన్ ఒక్క తుడుపుకి తళతళలాడుతుంది, లోపల ఫోము వారాల తరబడి తడిగానే ఉంటుంది. కవర్లు కుట్టి బతికే నేనే చెబుతున్నాను. సీటు తడిస్తే ముందు కవరు విప్పేయండి.

ఇక పనిలోకి వద్దాం. మొదట చూడాల్సింది ఏ నీళ్ళు, ఎంత ఎత్తుకి వచ్చాయి అన్నది. అద్దం తెరిచి ఉండి పడిన వాన నీళ్ళు శుభ్రమైనవి, వాటి పని ఇంట్లోనే చేసుకోవచ్చు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయంటే సంగతి వేరు. అందులో మురుగు ఉంటుంది, డీజిలు ఉంటుంది. అప్పుడు తాళం తిప్పొద్దు. ఇంజను గాలితో పాటు నీళ్ళు పీల్చిందంటే, నీళ్ళు గాలిలా నలగవు కాబట్టి, లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని తోసి గానీ, టోయింగ్ బండి మీద గానీ మెరకకి చేర్చండి. ఏదీ విప్పకముందే ఫొటోలు తీయండి: బయట నీటి మట్టం గీత, లోపల నీళ్ళు, మీటరు రీడింగు, నంబరు ప్లేటు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి, సర్వేయరు చూశాకే చెయ్యి పెట్టండి. నీళ్ళలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజను పోతే మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు. దానికి ఇంజను ప్రొటెక్ట్ అని విడిగా కట్టుకోవాలి. ఎలక్ట్రిక్ బండి గానీ హైబ్రిడ్ గానీ అయితే నారింజ రంగు తీగల జోలికి అస్సలు పోవద్దు. కంపెనీ వాళ్ళనే పిలవండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగిపోయాయి. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు తగ్గలేదు. తగ్గాక మా ఆటోనగర్‌లో టోయింగ్ బండ్ల వరస. ఆ నెలంతా మేము నిద్రపోయింది తక్కువ. స్టీరింగు దాకా మునిగిన కార్లవి. వాటి సంగతి ఎలక్ట్రీషియను, మెకానిక్కు, ఇన్సూరెన్సు కలిసి తేల్చాలి. కానీ ఆ కార్లు నాకు ఒకటి నేర్పాయి. ఒండ్రు పట్టిన కార్పెట్‌ని ఆరాక కడగడం కాదు, తడిగా ఉండగానే కడిగెయ్యాలి. ఆరితే ఆ మన్ను సిమెంటులా పట్టేస్తుంది, బ్రష్షుతో రుద్దితే నార ఊడిపోతుంది తప్ప మన్ను పోదు. మురుగు నీళ్ళలో నానిన ఫెల్టుని ఎంత కడిగినా నమ్మొద్దు, పీకి పారేసి కొత్తది వేయించుకోండి. ఆ పని చేసేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు ఉండాలి. చేతి మీద చిన్న గాయం ఉన్నా ఆ నీళ్ళు తగలనీయొద్దు. ఎలుక జ్వరం అలాగే వస్తుంది.

మామూలు వాన తడికి వద్దాం. తడిసిన రోజే మొదలుపెట్టాలి. మన కోస్తా ఉక్కలో ఒకటి రెండు రోజులకే బూజు పుడుతుంది.

ముందు బ్యాటరీ. 10 నంబరు పానాతో మైనస్ టెర్మినల్ విప్పి పక్కకి పెట్టండి. చాలా కార్లలో ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి. ఎయిర్‌బ్యాగులకీ బెల్టులకీ వెళ్ళే తీగలవి. బ్యాటరీ విప్పాక కనీసం పది నిమిషాలు ఆగి గానీ వాటిని ముట్టుకోవద్దు. వాటిని ఊడదీసి ఉంచి ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. చేస్తే మీటరులో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కూర్చుంటుంది, స్కానరు పెట్టి తీయించాల్సి వస్తుంది.

తర్వాత నీళ్ళు పీల్చడం. నీళ్ళు కూడా లాగే వ్యాక్యూమ్ క్లీనర్ మీ దగ్గర్లోని వాటర్ వాష్ వాళ్ళ దగ్గర ఉంటుంది. ఇంట్లో దుమ్ముకి వాడేదాన్ని తడి మీద పెట్టొద్దు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఏదీ దొరక్కపోతే పాత లుంగీలు, తువ్వాళ్ళు చాలు. మడిచి కార్పెట్ మీద పరిచి, దాని మీద ఎక్కి నిలబడండి. మనిషి బరువుకి నీళ్ళు పైకొస్తాయి. పిండండి, మళ్ళీ పరవండి. గుడ్డ పొడిగా వచ్చేదాకా.

ఇప్పుడు సీట్లు. ఒక్కో ముందు సీటుకి నాలుగు బోల్టులు. చాలా కార్లలో 14 నంబరు సాకెట్ సరిపోతుంది, కొన్నింటికి నక్షత్రం ఆకారం బిట్టు కావాలి. సీటు వెనక్కి జరిపి ముందు రెండూ, ముందుకి జరిపి వెనక రెండూ విప్పండి. కరెంటుతో కదిలే సీట్లయితే బ్యాటరీ తీయకముందే జరుపుకుంటూ బోల్టులు వదులు చేసుకోవాలి. వెనక సీటు కూర్చునే భాగం చాలా వాటిలో ముందంచు పట్టుకుని పైకి గట్టిగా లాగితే క్లిప్పుల్లోంచి వస్తుంది. సీటు బయటికి తీసేటప్పుడు ఇద్దరుండాలి. ఒక్కరే లాగితే పట్టాల అంచులు గడప పెయింటుని గీకేస్తాయి. గడప మీద దుప్పటి మడిచి వేసుకోండి. సీట్లు తీయడం మీ వల్ల కాకపోతే దగ్గర్లోని సీట్ల షాపులో అడగండి. నాలుగు బోల్టుల పనికి ఎవరూ ఎక్కువ అడగరు.

సీట్లు తీశాక గడప పట్టీలు లేపి, కార్పెట్‌ని నాలుగు వైపులా వదులు చేయండి. పూర్తిగా బయటికి తీయాలంటే మధ్య కన్సోల్ కూడా విప్పాలి. తడి ఒక మూలకే ఉంటే అంతదాకా అక్కర్లేదు. ఆ మూల కార్పెట్ పైకెత్తి, కింద ఖాళీ నీళ్ళ సీసా గానీ, రెండు ఇటుక ముక్కలు గానీ గుడ్డ చుట్టి ఆనించండి. ఫెల్టుకీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోకి గాలి పోవడమే అసలు ఆరడం. ఫ్లోరు రేకులో అక్కడక్కడా రబ్బరు బిళ్ళలు కనిపిస్తాయి. నీళ్ళు నిలిచి ఉంటే ఒకటి రెండు తీసి కిందికి వదిలేయండి, మళ్ళీ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. పెట్టకపోతే వచ్చే వానకి నీళ్ళు ఆ దారినే పైకొస్తాయి.

ఫోము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, నా పని అదే కాబట్టి. నానిన ఫోముని గుడ్డలా మెలిపెట్టి పిండొద్దు, లోపల పొరలుగా చిరుగుతుంది, మళ్ళీ కూర్చుంటే గుంట పడుతుంది. ఒక బల్లని ఏటవాలుగా పెట్టి దాని మీద ఫోము పడుకోబెట్టండి. పై అంచు నుంచి మొదలుపెట్టి అరచేతులతో అదుముతూ కిందికి రండి, చపాతీ పిండి అదిమినట్టు. మొదట మట్టి రంగు నీళ్ళొస్తాయి, తర్వాత తేటగా వస్తాయి, తర్వాత బుడగలు. బుడగలొచ్చాక ఆపి, పొడి గుడ్డ చుట్టి మరోసారి అదమండి. ఆ తర్వాత నీడలో, గాలి వచ్చేచోట, నులక మంచం ఉంటే దాని మీద నిలబెట్టండి. కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. మా షాపు వెనక ఒక పాత నులక మంచం ఇందుకే ఉంచాను. ఎండలో ఒక పూట ఫరవాలేదు గానీ రోజుల తరబడి పెడితే ఫోము పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. పక్క సీటు ఫోము మీద కొన్ని కార్లలో మనిషి కూర్చున్నదీ లేనిదీ పసిగట్టే పల్చటి సెన్సరు షీటు ఉంటుంది. అది కనిపిస్తే అదమడం ఆపి తెలిసిన వాళ్ళకి చూపించండి. పక్కల ఎయిర్‌బ్యాగు ఉన్న సీటు మీది కంపెనీ గుడ్డ కవరు కూడా ఇంట్లో విప్పొద్దు.

ఇంతలో కారు లోపల ఫ్యాను పెట్టండి. స్టాండు ఫ్యాను ఒక తలుపు దగ్గర లోపలికి తిప్పి, ఎదుటి తలుపు తెరిచి ఉంచితే గాలి అడ్డంగా పోతుంది. హెయిర్ డ్రయ్యరు, హీట్ గన్ను వద్దు. రూఫ్ గుడ్డ జిగురు, ప్లాస్టిక్ ముక్కలు ఆ వేడికి తట్టుకోవు. ముసురు పట్టి ఎండే లేకపోతే ఇంకో దారి ఉంది. సీట్లు, పసుపు కనెక్టర్లు అన్నీ తిరిగి బిగించాక, ఇంజన్లోకి నీళ్ళు పోలేదని ఖాయం చేసుకున్నాక మాత్రమే. ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ బటన్ వేసి, వేడి నాబుని పూర్తిగా ఎర్ర వైపు తిప్పండి. ఏసీ గాలిలోని తేమని లాగి కింది గొట్టంలోంచి బయటికి వదులుతుంది, హీటరు ఆ పొడి గాలినే వేడి చేసి పంపిస్తుంది. అద్దాలు వేలెడు దించి అరగంట నడపండి. ఈ పని ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన తెలియకుండానే మనిషిని చంపుతుంది.

తేమ పీలుస్తుందని కొందరు కారులో కళ్ళుప్పు గిన్నెలు పెడతారు. ఉప్పు పీలుస్తుంది నిజమే, పీల్చి తనే నీరవుతుంది, ఆ ఉప్పునీళ్ళు రేకు మీద ఒలికితే తుప్పుకి విందు. బొగ్గు ముక్కలు కొంత వాసన లాగుతాయి, తడిని కాదు. పాత న్యూస్‌పేపర్లు వీటన్నిటికన్నా నయం, గంటకోసారి మార్చే ఓపిక ఉంటే.

సీటు బెల్టులు చాలామంది మర్చిపోతారు. చివరిదాకా బయటికి లాగి, లోపలికి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి, సబ్బు నీళ్ళతో తుడిచి, అలాగే ఆరనివ్వండి. తడి బెల్టు చుట్టుకుపోతే లోపలే బూజు పడుతుంది. బెల్టు మీద బ్లీచింగ్ నీళ్ళు ఎన్నడూ వాడొద్దు. దారం బలం పోతుంది, పోయినట్టు పైకి కనిపించదు. అన్నట్టు, సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా బెల్టుని చివరిదాకా లాగి చూడండి. పైన ఎంత పాలిష్ చేసినా, వరదలో మునిగిన కారు మన్ను గీత అక్కడ దొరుకుతుంది.

బూజు అప్పటికే వచ్చి ఉంటే, కారు బయట పెట్టి, మాస్కు కట్టుకుని, పొడి బ్రష్షుతో దులపండి. తర్వాత తెల్ల వెనిగరు ఒక గ్లాసు, నీళ్ళు ఒక గ్లాసు కలిపి, కనపడని మూల కొంచెం రాసి రంగు పోవడం లేదని చూసుకుని, మచ్చల మీద చల్లండి. గంటాగి తుడిచి ఆరబెట్టండి. వెనిగరునీ బ్లీచింగునీ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది. వంట సోడా పూర్తిగా ఆరిన తర్వాతే. రాత్రి చల్లి పొద్దున వ్యాక్యూమ్‌తో లాగేస్తే మిగిలిన వాసన తగ్గుతుంది. తడి మీద చల్లితే ముద్ద కట్టి నారలో ఇరుక్కుంటుంది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టరు ఉంటుంది, దాన్ని మార్చేయండి. తడిసిన ఫిల్టరు ఉంటే మీరు ఎంత కడిగినా బ్లోయరు వేసిన ప్రతిసారీ ఆ వాసనే కొడుతుంది.

అద్దాలన్నీ మూసి ఉన్నా నీళ్ళు వచ్చాయంటే దారి వెతకాలి. వెతక్కుండా ఆరబెట్టడం దండగ, వచ్చే వానకి మళ్ళీ మొదటికి వస్తుంది. ఎడమ వైపు ముందు మాత్రమే తడి, నీళ్ళు తేటగా వాసన లేకుండా ఉంటే అది చాలాసార్లు వాన కాదు, ఏసీ నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. నీళ్ళు జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే హీటరు నుంచి కూలెంటు (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) కారుతోంది, మెకానిక్కుకి చూపించండి. చెట్టు కింద పెట్టే కార్లలో బోనెట్ ఎత్తి ముందు అద్దం కింది జాలీ చూడండి. వేపాకు, పొగడ పూలు పేరుకుని నీళ్ళు పోయే కన్నం మూసేస్తాయి, ఆ నీళ్ళు బ్లోయరు దారిన లోపలికొస్తాయి. తలుపు వేస్తుంటే లోపల గలగల చప్పుడొస్తే తలుపు కింది అంచున ఉండే కన్నాలు పూడిపోయాయి, అగ్గిపుల్లతో తీయొచ్చు. సన్‌రూఫ్ ఉంటే మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి, కొంచెం నీళ్ళు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడండి. గాలి పైపు పెట్టి కొట్టొద్దు, గొట్టం లోపలే ఊడిపోతుంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇవేవీ కాదు. తలుపు ప్యానెల్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికి ఉంటుంది. అద్దం మీద పడి తలుపులోకి దిగిన నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది అదే. బయటి షాపుల్లో స్పీకర్లు పెట్టించుకున్నప్పుడు దాన్ని కోసి, మళ్ళీ అతికించకుండా ప్యానెల్ బిగించేస్తారు. ఒక క్యాబ్ తమ్ముడు రెండు వానాకాలాలు రబ్బరు బీడింగులు మార్పిస్తూనే ఉన్నాడు. ప్యానెల్ విప్పి చూస్తే షీటు సగం కోసి మడతపెట్టి ఉంది. కొత్త షీటు, నీళ్ళు ఆపే జిగురు టేపు (బ్యూటైల్ టేపు), గంట పని. "రెండేళ్ళు తడి చెప్పులతో బండి నడిపానన్నా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. స్పీకర్లు పెట్టే తమ్ముళ్ళకి దండం పెట్టి చెబుతున్నా, కోసిన షీటు మళ్ళీ అతికించండి.

ఆరిందో లేదో చెయ్యి పెట్టి తేల్చొద్దు, చల్లగా ఉన్నా తడి అనిపిస్తుంది, వేడిగా ఉంటే తడి కూడా పొడి అనిపిస్తుంది. ఒక న్యూస్‌పేపరు షీటు నాలుగు మడతలు పెట్టి ఫెల్టుకీ రేకుకీ మధ్య దూర్చి, తలుపులు, అద్దాలు మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కారు దగ్గరికి వెళ్ళగానే ముందు అద్దం లోపలివైపు చూడండి. ఆవిరి పట్టి ఉంటే ఇంకా తడి ఉంది. తర్వాత పేపరు తీసి నలపండి. పెళపెళలాడాలి. మెత్తగా మడత పడితే ఫ్యాను మళ్ళీ పెట్టాల్సిందే. మాస్టారి కారుకి నాలుగు రోజులు పట్టింది, నాలుగో పొద్దున పేపరు ఆయన చేతికే ఇచ్చి నలపమన్నాను.

పేపరు పెళపెళలాడాక రేకు మీది తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడు పెయింటు వేసి, అది ఆరాక కార్పెట్ పరవండి. సీటు పట్టాలకి పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టండి. కనెక్టర్లలో పచ్చటి పూత కనిపిస్తే కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఆరనివ్వండి. నాలుగు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, అన్నీ దారిలో పడ్డాక పానాతో గట్టిగా బిగించండి. పసుపు కనెక్టర్లు క్లిక్ అనేదాకా నొక్కండి. బ్యాటరీ అన్నిటికన్నా చివర.